ఆదివారం ఎవరికి సెలవు?

సెలవు రోజును ఇంట్లోనే, తీరిగ్గా గడపడం మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నిటికి జవాబులివి. చాలామంది ఒకే మాట రాశారు: పని ఎక్కడికీ పోవడం లేదు, ఒకరి నెత్తిన పడుతోంది. అందుకే ముందు వంటింటి ఉత్తరం.

ప్రశ్న: ఆదివారం అందరూ సోఫాలో ఉంటారు, నేను మాత్రం పొయ్యి దగ్గర. పొద్దున పెసరట్లు, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం పకోడీలు. సినిమా మధ్యలో లేవకుండా చూసే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

ఉందండీ. అయితే మూడు పూటలా వేడివేడిగా వడ్డించాలన్న పట్టుదల కొంచెం వదులుకోవాలి. పెసరట్టు వేసేవాళ్ళు చివర్న తినే టిఫిను. ఐదుగురికి రెండేసి అంటే పది అట్లు. ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా అరగంట పెనం ముందే. అదే ఇడ్లీ అయితే నాలుగు రేకుల్లో పదహారు, పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి, అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. శనివారం మధ్యాహ్నం పప్పు నానేస్తే నాలుగు గంటల్లో రుబ్బుకోవచ్చు. వేసవిలో రాత్రి తొమ్మిదికి కలిపి పెట్టినా తెల్లారేసరికి పొంగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పన్నెండు గంటలైనా పడుతుంది కాబట్టి సాయంత్రం ఆరు లోపే కలిపేయాలి. చలికాలం ఇడ్లీలు గట్టిగా వచ్చాయని పప్పును తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు టైముదే.

మధ్యాహ్నానికి పులిహోరను మించింది లేదు. కలిపిన రెండు గంటలకు రుచి పెరుగుతుంది, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినొచ్చు, కూరలతో పని లేదు. ఐదుగురికి అరకిలో పాత బియ్యం, 70 గ్రాముల చింతపండు. పులుసు శనివారం రాత్రే చేసిపెట్టుకోండి. చింతపండును గ్లాసున్నర వేడినీళ్ళలో అరగంట నానబెట్టి చిక్కగా పిండి, రెండు పెద్ద చెంచాల నూనెలో చీల్చిన పచ్చిమిర్చి ఎనిమిది, పసుపు, రెండున్నర చిన్న చెంచాల ఉప్పు, చిన్న బెల్లంముక్క వేసి ఉడికించండి. పైకి నూనె తేలాలి. సన్నని సెగ మీద పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ దశలో తొందరపడి దించేస్తేనే పులిహోరలో పచ్చివాసన వస్తుంది. ఆదివారం పదకొండింటికి గ్లాసు బియ్యానికి గ్లాసు ముప్పావు నీళ్ళు పోసి వండి, వెడల్పాటి బేసిన్లో ఆరబోసి, రెండు చెంచాల నువ్వులనూనె, పసుపు, కరివేపాకు చల్లి పావుగంట వదిలేయండి. వేడన్నంలోనే పులుసు కలిపితే మెతుకు చితికి ముద్దవుతుంది. కొత్త బియ్యమైనా అంతే. శనగపప్పు, మినప్పప్పు, పల్లీలు, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ పోపు ఆఖర్న. చేదొచ్చిందంటే మెంతులు ఎక్కువ పడ్డాయనో, ఆవాలు మాడాయనో అర్థం. పక్కన పెరుగన్నం ఉంటే చాలు. అది మాత్రం బయట గంటలకొద్దీ ఉంచకండి, తినేముందే కలపండి. పులుపు ఉంది కాబట్టి పులిహోర సాయంత్రం దాకా తట్టుకుంటుంది, వట్టి అన్నం తట్టుకోదు.

కోడికూర లేనిది ఆదివారమే కాదనే ఇల్లయితే మాంసం శనివారం సాయంత్రమే తెచ్చుకోండి. ఆదివారం పొద్దుటి క్యూ తప్పుతుంది. కిలో ముక్కలకు ఉప్పు, పసుపు, రెండు చెంచాల కారం, చెంచాన్నర అల్లంవెల్లుల్లి, అరకప్పు పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో కింది అరలో, మూతపెట్టి ఉంచండి. మర్నాడు ఉల్లిపాయలు వేగాక ఇవి వేస్తే ముప్పావుగంటలో కూర సిద్ధం.

పకోడీ సంగతికొస్తే, అది వానపడే రోజుకు దాచుకోవాల్సిన వంట. సినిమా రోజున వద్దు.

ఇంకో మాట. శనివారానికి జరిపిన పని కూడా మీ ఒక్కరి మీదే పడితే ఈ ఏర్పాటంతా దండగ. చింతపండు పిసకడం, పల్లీలు వేయించడం, కరివేపాకు దూయడం పదేళ్ళ పిల్లలు చేయగలరు. మాంసం తేవడం మీవారికి. తిన్న పళ్ళెం ఎవరిది వాళ్ళే కడగాలన్నది ఆదివారానికైనా నియమం చేయండి. లేదంటే సాయంత్రానికి సింకు నిండుతుంది, ఆ సింకు ఎవరిదో అందరికీ తెలుసు.

ప్రశ్న: ఇంట్లో చేసిన పాప్‌కార్న్‌లో సగం గింజలు పేలవు, పేలినవి సాగుతున్నాయి. ఎందుకు?
– నిజామాబాద్

రెండూ వేర్వేరు తప్పులు. గింజ లోపలి తేమ ఆవిరై పైపొరను పగలగొడితేనే పేలుతుంది. ఆ తేమ సుమారు 14 శాతం ఉండాలి. ప్యాకెట్టు విప్పి డబ్బాలో వదులుగా పెడితే గింజలు ఎండిపోతాయి. అలాంటి గింజలు అరకిలోకి చెంచాడు నీళ్ళు చల్లి, సీసాలో బిగించి, అప్పుడప్పుడూ కుదుపుతూ మూడు రోజులు ఉంచితే మళ్ళీ పేలతాయి. మామూలు మొక్కజొన్న పొత్తుల గింజలు మాత్రం ఏం చేసినా ఇలా పువ్వులా విచ్చుకోవు. దాని రకమే వేరు.

సాగడానికి కారణం మూత. బిగించిన మూత కింద ఆవిరి మళ్ళీ పేలాల్లోకే చేరుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడు పెద్ద చెంచాల నూనె పోసి, మూడు గింజలు వేసి చూడండి. మూడూ పేలాక అరకప్పు గింజలు వేసి, పొయ్యి మీంచి దించి అర నిమిషం ఆగండి. దీనివల్ల గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, మూత వేలెడంత తెరిచి, గిన్నె కదుపుతూ ఉండండి. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య రెండు సెకన్లు ఎడం వచ్చిందంటే దించేయాలి. ఉప్పు పొడిగా నూరి చల్లితేనే అంటుతుంది, కల్లుప్పు గిన్నె అడుక్కి పోతుంది.

ప్రశ్న: చిన్న ప్రొజెక్టర్ కొన్నాం. హాల్లో దుప్పటి కట్టి చూస్తే బొమ్మ మసకగా ఉంది, ముడతలు, పైగా మాట ఒకచోట, పెదవులు ఒకచోట. వాపసు ఇచ్చేయాలా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

ఇవ్వక్కర్లేదు, ముందు దుప్పటి మార్చండి. దుప్పటి వెనక్కి వెళ్ళి నిలబడితే బొమ్మ అటువైపూ కనిపిస్తుంది. అలా కనిపించినంత వెలుగూ మీకు పోయినట్టే. తెల్లటి మ్యాట్ పెయింటు వేసిన గోడ ఉంటే అదే మేలు. మెరుపు పెయింటు వద్దు, మధ్యలో బల్బు వెలిగినట్టు తెల్ల మచ్చ పడుతుంది. గోడ లేదంటే దుప్పటి రెండు మడతలు వేసి, పై అంచు కుట్టి కర్టెన్ కడ్డీ దూర్చండి, కింది అంచులో ఇసుక నింపిన పీవీసీ గొట్టం దూర్చండి. బరువుకు లాగి ముడతలు పోతాయి. పక్కల సాగకపోతే బట్టల క్లిప్పులు.

ఇక బొమ్మ సైజు. అందరూ వంద అంగుళాలే కావాలంటారు. ఈ అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచేవి. కాబట్టి వంద అంగుళాల బొమ్మ అంటే 7 అడుగుల 3 అంగుళాల వెడల్పు. ప్రొజెక్టర్ పెట్టె మీద ‘త్రో రేషియో’ 1.3 అని ఉంటే ఆ వెడల్పును 1.3తో గుణించండి, అంటే 9 అడుగుల 5 అంగుళాల దూరంలో పెట్టాలి. దగ్గరికి జరిపి 80 అంగుళాలు చేసుకుంటే వెడల్పు 5 అడుగుల 10 అంగుళాలకు తగ్గుతుంది గానీ, అదే వెలుగు తక్కువ చోట పడి బొమ్మ సగానికి పైగా కాంతి పెంచుకుంటుంది. చవక ప్రొజెక్టర్లకు 80 దాటొద్దనే మా సలహా. పగటిపూట కిటికీలకు ముదురురంగు దుప్పట్లు కట్టినా అంతంతమాత్రమే, చీకటి పడ్డాకే చూడండి.

బొమ్మ ఏటవాలుగా పడితే ‘కీస్టోన్’ బటనుతో సరిచేస్తుంటారు. అది బొమ్మను నొక్కి చిన్నది చేస్తుంది, అక్షరాలు బరకగా అవుతాయి. బల్ల ఎత్తు సర్ది ప్రొజెక్టర్‌ను తెరకు నేరుగా పెట్టి, మిగిలిన కాస్తకే ఆ బటను వాడండి.

మాట వెనకబడటానికి కారణం బ్లూటూత్ స్పీకర్. శబ్దాన్ని కుదించి పంపి, అటువైపు విప్పేలోగా సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా జారిపోతుంది. వంద, రెండొందల రూపాయల ఆక్స్ వైరుతో స్పీకర్‌ను నేరుగా కలిపితే ఆ బాధే ఉండదు. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయరుతో చూస్తుంటే ‘జె’ అక్షరం నొక్కినకొద్దీ శబ్దం ముందుకు జరుగుతుంది, ఎక్కువైతే ‘కె’ వెనక్కి తెస్తుంది.

ప్రశ్న: మావయ్యగారికి 76 ఏళ్ళు. డైలాగులు వినపడవని సౌండు పెంచమంటారు, పాట రాగానే ఇల్లు అదురుతుంది. పాత సినిమాల్లో మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారని కూడా ఆయన గొడవ.
– ఒక కోడలు, విజయనగరం

ఆయన గొడవలో న్యాయం ఉంది, రెండిట్లోనూ. కొత్త సినిమాల శబ్దాన్ని చుట్టూ ఐదారు స్పీకర్లున్న థియేటరు కోసం కలుపుతారు. మాటలన్నీ మధ్య స్పీకరువి. ఆ స్పీకరే లేని టీవీలో అన్నీ కలిసిపోయి మాట అణిగిపోతుంది. యాప్‌లో ఆడియోను 5.1 (థియేటరు తరహా ఆరు స్పీకర్ల శబ్దం) నుంచి స్టీరియోకు (రెండు స్పీకర్లది) మార్చండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో ‘క్లియర్ వాయిస్’ లాంటిది, ‘ఆటో వాల్యూమ్’ లేదా ‘నైట్ మోడ్’ లాంటిది ఉంటాయి. మొదటిది మాటను పైకి లేపుతుంది, రెండోది పాటను కిందికి తెస్తుంది. పాత సినిమాలకు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచితే మాట విడిగా వినిపిస్తుంది. కూలర్ గదిలో ఉంటే ఇవేవీ పనిచేయవు, దాన్ని కిటికీ అవతల పెట్టాల్సిందే. ఇవన్నీ చేశాకా వినపడకపోతే టీవీని వదిలేసి చెవి పరీక్ష చేయించండి.

లావు సంగతి: 1950లు, 60ల నాటి సినిమాలో ఫ్రేము వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. ఇప్పటి టీవీ 1.78 రెట్లు. బొమ్మను తెర నిండా సాగదీస్తే మనుషులు అడ్డంగా పెరుగుతారు, ‘జూమ్’ చేస్తే తలలు తెగుతాయి. పిక్చర్ సైజు ‘ఒరిజినల్’ లేదా ‘4:3’ పెట్టి, రెండు పక్కలా నల్లటి పట్టీలు ఉండనివ్వండి. 1957 నాటి మాయాబజార్ ఫ్రేములో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఎక్కడ ఏం పెట్టారో ఆ పట్టీల మధ్యే సరిగా కనిపిస్తుంది. తొలి తెలుగు సినిమాస్కోప్ (బాగా వెడల్పైన ఫ్రేము) సినిమా 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. ఆ తరహా సినిమాలకు పట్టీలు పైనా కిందా వస్తాయి, అదీ లోపం కాదు.

ఇంకో సెట్టింగు కూడా చూడండి. కదలికను నునుపు చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే సినిమా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది. దాన్ని సోనీ ‘మోషన్‌ఫ్లో’ అంటుంది, ఎల్‌జీ ‘ట్రూమోషన్’ అంటుంది. క్రికెట్‌కు ఉంచుకుని, సినిమాకు ఆపేయండి.

ప్రశ్న: ఏం చూడాలో తేల్చుకునేసరికే గంట పోతోంది. పిల్లలకు 8, 14 ఏళ్ళు.
– ఖమ్మం

ఆదివారం ఎంచుకోవద్దు. శనివారం రాత్రి భోజనాల దగ్గర తేల్చేయండి. వారానికొకరి వంతు. వంతు ఉన్నవాళ్ళు మూడు పేర్లు చెప్తారు, మిగతావాళ్ళలో ఒక్కొక్కరు ఒకదాన్ని కొట్టేయొచ్చు. అన్నీ పోతే మళ్ళీ మూడు, అంతే. మొదలుపెట్టాక ఇరవై నిమిషాలు చూసీ ఎవరికీ నచ్చకపోతే మొహమాటం లేకుండా ఆపేయండి.

మీ రెండోవాడికి 8 కాబట్టి సెన్సారు సర్టిఫికెట్టు చూడటం అవసరం. ఇప్పుడు యూఏ ఒక్కటే కాదు, 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. ఓటీటీల్లోనూ ఇవే అంకెలు. ఇద్దరూ కలిసి చూసేదైతే యూ, లేదా యూఏ 7+. పెద్దవాడికి 13+ చూపించాలంటే చిన్నవాడు నిద్రపోయాక.

నిడివి కూడా ముందే చూసుకోండి. మాయాబజార్ లాంటిది మూడు గంటలు దాటుతుంది. పదిన్నరకు మొదలుపెట్టి, మధ్యలో ఆపి భోంచేసి, మిగతా సగం తర్వాత చూడటమే ఒద్దిక. విందు పాట వచ్చేసరికి కడుపులు నిండి ఉండటం మంచిదే.

ప్రశ్న: ‘చదువుకునే గంట’ అని పెట్టాం. మూడో వారానికే పిల్లలు పారిపోయారు. ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుంటారు.
– గుంటూరు

కూడబలుక్కునే పిల్లాడికి పుస్తకం చేతికిచ్చి గంట కూర్చోమంటే అది శిక్ష. ముందు మీరు పైకి చదవండి. ఇరవై నిమిషాలు చాలు, భోజనమయ్యాక, చాప మీద పడుకుని వింటే ఇంకా మంచిది. నాలుగు పేజీల కథకు పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. పైకి చదవడంలో అందరూ చేసే పొరపాటు వేగం. కళ్ళతో చదివే వేగంతో నోటితో చదివితే వినేవాళ్ళు రెండో పేజీలోనే జారుకుంటారు. పేరా చివర ఊపిరి తీసుకోండి, సంభాషణల్లో గొంతు మార్చండి, తెలియని మాట వస్తే ఆగి నిఘంటువు తీయకుండా ఒక్క ముక్కలో చెప్పి సాగిపోండి.

పిల్లలకు మొదట బేతాళ కథలు పట్టుకోండి. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలు ఏ ఇంటి అటకమీదైనా నాలుగు దొరుకుతాయి. ఆ కథల నిర్మాణమే మీ పని సులువు చేస్తుంది. బేతాళుడు కథంతా చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. సరిగ్గా అక్కడ పుస్తకం మూసేయండి. విక్రమార్కుడి జవాబు చదవొద్దు. ముందు చిన్నవాడు చెప్పాలి, తర్వాత పెద్దవాడు, ఆఖర్న నాయనమ్మ. పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే పిల్లలు దాన్నే తిప్పి చెప్తారు, అందుకే ఈ వరస. చిన్నవాడు ‘ఎందుకంటే’ అని కారణం చెప్పేదాకా ఆగండి. ఆ తర్వాత విక్రమార్కుడి జవాబున్న ఆ నాలుగు వాక్యాలూ వాడిచేతే చదివించండి. తను చెప్పింది ఒప్పో కాదో తెలుసుకోవాలన్న ఆత్రంలో కూడబలుక్కుంటూనైనా చదివేస్తాడు. మొత్తం కథ చదవమంటే చదవడు.

పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళుంటే 1924లో మొదటి భాగం వచ్చిన బారిస్టరు పార్వతీశం. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరిన కథ, వాడే చెప్పుకుంటాడు కాబట్టి ఒక్క గొంతుతో చదవొచ్చు. పెద్దలకు సత్యం శంకరమంచి అమరావతి కథలు. వంద కథలు, ఒక్కోటీ చిన్నదే, వారానికి రెండు చదివినా ఏడాదికి సరిపోతాయి.

మౌనంగా చదివే వేళ పెట్టాలనుకుంటే అరగంటకు మించొద్దు, ఇంట్లో అందరూ అదే గదిలో చదవాలి, ఫోన్లన్నీ పక్కగదిలో ఉండాలి. నాన్న ఫోను మాత్రం ‘ఆఫీసుది’ అని చేతిలో ఉంటే ఆ పూటతో ఆ నియమం చచ్చిపోతుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో, అమ్మ రాజమండ్రిలో. ఒకే సినిమా ఒకేసారి చూడాలని ప్రయత్నించాం. వీడియో కాల్‌లో తెర చూపిస్తే అమ్మకు నల్లగా కనిపించింది.

ఓటీటీ యాప్‌లు కాపీ కాకుండా తాళం వేసుకుంటాయి, తెర పంచుకుంటే నలుపే వస్తుంది. ఎవరి టీవీలో వాళ్ళు పెట్టుకుని, ఫోను స్పీకర్లో ఉంచుకోవడమే దారి. ఆ సినిమా రెండు దేశాల్లోనూ దొరుకుతుందో లేదో ముందురోజే చూసుకోండి, హక్కులు దేశాన్ని బట్టి మారతాయి. యూట్యూబ్‌లో పాత సినిమాలకు ఒకే సినిమా రెండు మూడు నిడివుల్లో ఉంటుంది, కొన్నిట్లో పాటలు కత్తిరించి ఉంటాయి. కాబట్టి అదే లింకు అమ్మకు పంపండి. ఇద్దరూ మొదటి డైలాగు దగ్గర ఆపి, ‘ఒకటి, రెండు, మూడు’ అని కలిసి నొక్కండి. ప్రకటన వచ్చినవాళ్ళు చెప్తే రెండోవాళ్ళు ఆపాలి. సినిమా నడిచేటప్పుడు ఫోను మ్యూట్‌లో పెట్టండి, లేకపోతే మీ టీవీ శబ్దం అమ్మ గదిలో ప్రతిధ్వనిస్తుంది.

వేళ ఎంచుకోవడంలో జాగ్రత్త. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మీకంటే ఇండియా పదిన్నర గంటలు ముందు, మిగతా నెలల్లో పదకొండున్నర. మీ ఆదివారం ఉదయం 8:30 వేసవిలో అమ్మకు రాత్రి 7, చలికాలంలో 8. మూడు గంటల సినిమా అయితే ఆమె నిద్ర చెడుతుంది. దానికంటే మీ శనివారం రాత్రి 9:30 మేలు, అమ్మకు వేసవిలో ఆదివారం ఉదయం 8 అవుతుంది, కాఫీ కూడా అయిపోయి ఉంటుంది. పిల్లలు అంతసేపు మేలుకోలేకపోతే విశ్రాంతి దాకా ఒక వారం, తర్వాతది మరో వారం.

ప్రశ్న: మా ఊళ్ళో ఫోను డేటాయే గతి. రోజుకు 2 జీబీ.
– అచ్చంపేట దగ్గరి ఓ పల్లె

హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా అవుతుంది, మామూలు క్వాలిటీలో 1 జీబీ లోపు. చాలా ప్లాన్లలో కోటా అర్ధరాత్రికి మళ్ళీ మొదలవుతుంది. శనివారం రాత్రి పదకొండింటికి, ఆ రోజు మిగిలిన డేటాతో మామూలు క్వాలిటీలో డౌన్‌లోడ్ మొదలుపెట్టండి, పన్నెండు దాటాక మిగతాది ఆదివారం ఖాతాలోంచి దిగుతుంది. డౌన్‌లోడ్ చేసింది ఫోనులోంచి టీవీకి పంపడానికి చాలా యాప్‌లు ఒప్పుకోవు. ఆ యాప్ ఒప్పుకుంటుందో లేదో ముందు ఐదు నిమిషాల చిన్న వీడియోతో పరీక్షించుకుని, ఆ తర్వాతే డేటా ఖర్చుపెట్టండి.

ప్రశ్న: ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతే లేచాక తలబరువు, రాత్రి నిద్ర రాదు. మానేయాలా?
– కర్నూలు

మానక్కర్లేదు. ఇరవై, ముప్పై నిమిషాలకు అలారం పెట్టుకోండి, మూడింటిలోపే లేవండి. గంట దగ్గర లేస్తే గాఢనిద్రలోంచి లేచినట్టవుతుంది, తలబరువు అందుకే. తప్పదనుకుంటే గంటన్నర పూర్తిగా పడుకోండి, కానీ ఆ రాత్రి పదింటికే నిద్ర రావాలని ఆశపడొద్దు.